మంగళవారం దిగిన గడ్డి

షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మేం కొన్న కొత్త ఇంటి వెనక గడ్డిపరక లేదు. బిల్డర్ వదిలేసిన బురద మాత్రం ఉంది. చలికాలం లోపు లాన్ వేయాల్సిందేనని కాలనీ అసోసియేషన్ వాళ్లు ఉత్తరం రాశారు. నిజానికి సెప్టెంబరులోనే వేయాల్సింది. మూఢమని గృహప్రవేశం వాయిదా వేసింది నేను. పాలు పొంగించకుండా పెరడు ముట్టుకోవడమేమిటని అడ్డుపడిందీ నేనే. కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాడినే గాని, పొద్దున లేవగానే ఫోన్‌లో చూసేది పంచాంగం.

అలా నవంబరు వచ్చింది. లారీలో గడ్డి దిగింది. అంగుళం మట్టితో సహా కోసి, చాపల్లా చుట్టి పేర్చిన చుట్టలు. దిగింది మంగళవారం.

"ఇవాళ మంగళవారం, రేపు అమావాస్య. గురువారం పరుద్దాం" అన్నాను.

మా మామగారు అప్పుడు విజిటర్ వీసా మీద వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. కడియం నర్సరీలో పనిచేస్తూ ముప్ఫై ఏళ్లు హోటళ్లకీ ఆఫీసులకీ లాన్లు పరిచిన మనిషి. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఫ్రెండ్స్‌కి "బిజినెస్" అని చెప్పి ఊరుకున్నాను. ఆయన ఒక చుట్టలోకి చెయ్యి దూర్చి చూశారు.

"లోపల కాగుతోందండి అల్లుడుగారూ. ఇలాగే ఉంచితే ఉడికిపోద్దండి. ఇయ్యాలే పరిచేద్దారండి. గడ్డికి వారమేంటండి?"

"మీ కడియం పద్ధతులు ఇక్కడ నడవవు మామయ్యగారూ. ఇది అమెరికా."

వారం, తిథి చూసేది నేను. అమెరికా గురించి పాఠం చెప్పిందీ నేనే. ఆయన నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

గురువారం పొద్దున చుట్టలు విప్పితే ఆవిరి లేచింది, పులిసిన వాసన కొట్టింది. సగానికి సగం పసుపు తిరిగాయి. నర్సుగా చేసే నా భార్య డ్యూటీకి వెళ్లిపోయింది. నాకు వరసగా మీటింగులు. మామగారు ఒక్కరే నా పాత జాకెట్ తొడుక్కుని, మంకీ క్యాప్ పెట్టుకుని, బురదలో మోకాళ్ల మీద కూర్చుని పరిచారు. బతికేవి ఏరుకున్నారు, చచ్చినవి పక్కన పడేశారు. గోడకి ఇటుకలు పేర్చినట్టు అతుకు మీద అతుకు రాకుండా జరిపి, అరచేతులతో ఒత్తారు. నేను కాఫీ తాగుతూ కిటికీలోంచి చూశాను.

మధ్యాహ్నం పెరట్లోకి దిగి, కంచె వెంబడి ఒక వరస నేనూ పరిచాను. ఆయన పడేసిన చుట్టలతోనే, వద్దంటున్నా వినకుండా.

అప్పుడే పక్కింటి అమెరికన్ పెద్దాయన కంచె దగ్గరికొచ్చి కాసేపు చూశాడు.

"భలే చేస్తున్నాడే. మీ ల్యాండ్‌స్కేపరా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మామగారు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. ఒళ్లంతా బురద, చలికి ముక్కు కారుతోంది. నాకు సిగ్గేసింది. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోను.

"అవును" అన్నాను.

ఆయనకి ఇంగ్లీషు రాదు. కానీ ల్యాండ్‌స్కేపర్ అంటే కూలికి తోటపని చేసేవాడని తెలుసు; ఆ మాట వాళ్ల నర్సరీ బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండేది. ఆయన చేతులు ఆగాయి. తర్వాత మళ్లీ అతుకు ఒత్తడం మొదలుపెట్టాయి.

ఆ సాయంత్రం నా భార్య అన్నానికి పిలిస్తే, బట్టలు మురికమ్మా అని గరాజ్‌లోనే కూర్చుని తిన్నారు. డిసెంబరులో ఇండియా వెళ్లేదాకా నన్ను మళ్లీ అల్లుడుగారూ అని పిలవలేదు. పిలవాల్సిన అవసరం రాకుండా చూసుకున్నారు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగే వీలు రోజూ ఉండేది.

మంచు కరిగాక ఏప్రిల్‌లో పెరడంతా పచ్చబడింది, నా వరస తప్ప. అది చెయ్యి వేస్తే అట్టులా లేచొచ్చింది. ఒక ఆదివారం పొద్దున నేనూ నా భార్యా అది చూస్తుంటే పక్కింటాయన వచ్చాడు. మీ ల్యాండ్‌స్కేపర్ నంబరు కావాలి, మా పెరడు కూడా చేయించాలి అన్నాడు.

"ఏ ల్యాండ్‌స్కేపర్?" అంది నా భార్య.

ఆయన మంకీ క్యాప్ గురించి చెప్పాడు. ఆ పాత జాకెట్ రంగు కూడా చెప్పాడు. శీతాకాలానికి ముందు తను అడిగితే నేను అవునన్నానని కూడా చెప్పాడు.

"ఆయన మా నాన్న" అంది. పక్కింటాయన మొహం ఎర్రబడింది. సారీ చెప్పి వెళ్లిపోయాడు. ఆమె నా వైపు చూడలేదు. అక్కడే నిలబడి, స్పీకర్ ఆన్ చేసి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వు వేసిన గడ్డి బాగా వచ్చింది. ఈ వేసవికొచ్చి చూసుకో. టికెట్ బుక్ చేస్తాను."

"మీ ఆయన పక్కనున్నారా అమ్మా?"

"ఉన్నారు. వింటున్నారు."

ఆయన మామూలు గొంతుతోనే అన్నారు.

"పనైపోయింది గదమ్మా. ఇంక పనోడెందుకు మీకు?"

నా భార్య ఫోన్ పెట్టేసింది. కంచె దగ్గరికి వెళ్లి, నేను పరిచిన ఎండుగడ్డి చాపల్ని ఒక్కొక్కటే ఎత్తి తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది.