పరీక్షను జమ్మలమడుగుకే తెచ్చిన మేడం

నా నెట్ సెంటర్‌లో ఒకాయనకు ఆధార్ ప్రింటు తీస్తున్నాను. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "మేడం పోయిందంట మే. పొద్దున, పులివెందులలో. గుండెపోటంట" అంది. ప్రింటు సగంలో ఉంది. కాగితం బయటికి వచ్చేదాకా ఆగి, ఆయన చేతికిచ్చి, షట్టర్ దించేశాను.

మేడం అంటే జమ్మలమడుగులో డిగ్రీకి మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పినావిడ. ఊరు పులివెందుల, రోజూ బస్సులో వచ్చి పోయేవారు. ఇంటికి చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది కాబట్టి ఆమె సంచిలో పుస్తకాలకన్నా చీనీకాయలే ఎక్కువ. ల్యాబ్‌లో ఏమీ తినరాదని రాసి గోడకు అంటించింది ఆమే. దాని కిందే కూర్చుని కాయలు ఒలిచి మాకు పంచేదీ ఆమే. ఎవరైనా గోడ వైపు చూపిస్తే "అది నేను లేనప్పటికి మే" అనేవారు.

పోయినవాళ్ళ గురించి రాస్తూ కోపమే ఎరగరని రాయడం ఆనవాయితీ. మా మేడంకు కోపం బాగానే వచ్చేది. కంప్యూటర్ ఆగిపోతే మేము దొరికిన బటనల్లా టపటపా నొక్కేవాళ్ళం. అప్పుడు చేతి మీద ఒకటి పడేది. తర్వాత కళ్ళద్దాలు చీరకొంగుతో తుడుచుకుని, తెర మీద ఉన్నదంతా మొదటి నుంచి పైకి చదివేవారు. "అది పాపం ఏందో చెప్తాండాది. మీరు విననే విన్రు" అనేవారు. ఇప్పటికీ నా షాపులో ఏదైనా మొరాయిస్తే నేను పైకే చదువుతాను. వచ్చినవాళ్ళు నా వైపు అదోలా చూస్తారు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో, మా ఆఖరి ఏడాది, ప్రాక్టికల్స్ ముందు ల్యాబ్ మొత్తానికి వైరస్ పట్టింది. ఒక్క కంప్యూటరూ లేవలేదు. బాగుచేసేవాళ్ళు ఇప్పట్లో రారని తేలింది. ల్యాబ్ సిద్ధం కాకపోతే మా బ్యాచ్ పరీక్ష పులివెందులలోని ఇంకో కాలేజీకి మారుస్తామని యూనివర్సిటీ వాళ్ళన్నారు. మిగతా పిల్లలకు అదొక ప్రయాణం. నాకు మాత్రం చదువు అక్కడితో సరి.

మాది మైలవరం దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన మందతో పాటు దూరం పోతే నెలల తరబడి ఇంట్లో జేజిదే, అంటే మా నాయనమ్మదే, రాజ్యం. నన్ను జమ్మలమడుగు పంపడమే ఆమె దృష్టిలో ఎక్కువ. సంగతి తెలిసి మేడం మా ఇంటికే వచ్చారు. జేజి మంచినీళ్ళిచ్చింది, మర్యాదగానే కుదరదంది.

"వాళ్ళ నాయన యాడుండాడో ఏమో. మగదిక్కు లేనప్పుడు పిల్లను అంత దూరం పంపి, రేపు ఏమన్నా అయితే నేనేం జెప్పల్ల టీచరమ్మా?"

మేడం వాదిస్తారని, జేజిని ఒప్పిస్తారని నేను తలుపు వెనక ఎదురుచూస్తున్నాను. ఆమె నీళ్ళు తాగి చెంబు కింద పెట్టారు. "సరేలేమ్మా. మీ పాప ఆడికి రాకపోతే పరీక్షనే ఈడికి తెస్తా" అన్నారు. జేజికి అదేమిటో అర్థం కాలేదు. నాకూ కాలేదు.

మేడం తేవాలనుకున్నది ఒక లైవ్ సీడీ. కంప్యూటర్ లోపల ఏమీ మిగలకపోయినా, ఆ సీడీ పెడితే విండోస్ బదులు దాని మీదనే లినక్స్ లేస్తుంది, మా సి ప్రోగ్రాములకు కావలసినవన్నీ అందులోనే ఉంటాయి. ఆమె ఫైలు దింపుకుని, తన ల్యాప్‌టాప్ సీడీలు చదవడమే గానీ రాయలేదు కాబట్టి, సీడీ చేయమని పొద్దుటూరులో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో భాయ్‌కి ఇచ్చారు. భాయ్ గులాబీ పూలు, బంగారు అక్షరాలతో 'శుభ వివాహం' అని ఉన్న డబ్బాలో పెట్టి ఇచ్చాడు. మేమంతా నవ్వాం. సీడీ పెట్టాం. నల్లటి తెర, మూలన మిణుకుమనే గీత, అంతే.

మేం తలో మాటా అన్నాం. మేడం "ఒకసారికి ఒక్కటే మార్చల్ల. రెండు మారిస్తే ఏది పనిచేసిందో దేవునికి గూడా తెలీదు" అన్నారు. ముందు కంప్యూటర్ సీడీని వెతుకుతోందో లేదో చూశారు, సెట్టింగుల్లోకి పోయి సీడీని మొదటికి తెచ్చారు. లేవలేదు. అప్పుడు సీడీని తన ల్యాప్‌టాప్‌లో తెరిచారు. అందులో ఒకే ఒక్క పెద్ద ఫైలు ఉంది. దాన్ని సీడీగా విప్పి రాయాల్సింది పోయి, భాయ్ పాటలు ఎక్కించినట్టు ఫైలును ఫైలుగానే ఎక్కించాడు.

"విస్తట్లో అన్నం పెట్టమంటే బియ్యం మూట పెట్టినాడు మే" అని మేడం కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పరీక్ష దగ్గరపడుతోంది.

మర్నాడు ఆమె మళ్ళీ పొద్దుటూరు పోయారు. పెళ్ళివాళ్ళ రద్దీలో స్టూలు వేసుకుని కూర్చుని, "నిదానంగా రాయి భాయ్, తొందరపడితే మల్లా మొదటికొస్తాది" అని దగ్గరుండి చేయించుకుని తెచ్చారు. ఈసారి లినక్స్ బొమ్మ వచ్చింది. మేము ఊపిరి పీల్చుకునే లోపే సగంలో ఆగి, సీడీ చదవలేకపోతున్నానని వరుసలు వరుసలుగా పడింది. భాయ్ మళ్ళీ చెడగొట్టాడని ఒకమ్మాయి అంది.

అదే సీడీని మేడం తన ల్యాప్‌టాప్‌లో పెట్టారు. చక్కగా లేచింది. "సీడీ మంచిదే. ఇంక మనదే తప్పు" అంటూ స్క్రూడ్రైవర్ తీసుకుని ల్యాబ్ కంప్యూటర్ సీడీ డ్రైవు విప్పారు. లోపల పిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము. మా ల్యాబ్ కిటికీల అవతల బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. మా బట్టల మీద, జడల మీద పడే రాతిపొడి దాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? స్పిరిట్ ముంచిన దూదితో ఆమె లెన్సు తుడిచారు, పసిబిడ్డ కన్ను తుడిచినంత మెల్లగా. సీడీ లోపలికి తోశారు. నీలం తెర నిండుగా వచ్చి నిలబడింది. నేను ఏడ్చేశాను. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

మిగతా డ్రైవులూ అలాగే తుడిచాం. ఉన్నది ఒక్క మంచి సీడీ. అది చిన్న లినక్స్ కాబట్టి, లేచాక మొత్తం మెమరీలోకి చేరుతుంది, సీడీ బయటికి తీసేయొచ్చు. పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకుని పొయ్యి రాజేసుకున్నట్టు, ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెడుతూ వరుసంతా లేపాం. పరీక్ష జమ్మలమడుగులోనే జరిగింది.

మధ్యలో కరెంటు పోయింది. మెమరీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది, నా ప్రోగ్రాముతో సహా. సీడీ పట్టుకుని మళ్ళీ లేపడానికి వచ్చిన మేడం నా మొహం చూసి, "మిషన్లోంచి పోయింది గానీ నీ చేతిలోంచి పోలేదు గదా. కొట్టు" అన్నారు. కొట్టాను. పాసయ్యాను. ఈ షాపు, ఈ బతుకు దాని మీదనే నిలబడ్డాయి.

ఆమెను కడసారి చూడడానికి పులివెందుల బయలుదేరుతుంటే జేజి తానూ వస్తానంది. మోకాళ్ళు సహకరించవన్నా వినలేదు. కిటికీ పక్కన కూర్చుంది. ముద్దనూరు రాకముందే "వచ్చిందా పులివెందుల?" అని అడిగింది. ముద్దనూరులో అడిగింది. తర్వాత ప్రతి స్టాపులోనూ అడుగుతూ, నడుము నొప్పికి అటూ ఇటూ కదులుతూ ఉంది. చివరికి చీనీ తోటలు మొదలయ్యాక నా వైపు తిరిగింది.

"ఆ యమ్మ దినామూ ఇంత దూరం వచ్చేదా మే, మీకోసరం?"

ఔనన్నాను. జేజి కిటికీ ఊచ పట్టుకుని, పులివెందుల వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.