రత్తమ్మ ఇంటి ముందు కాలవగట్టు

"పరామర్శకి వెళ్ళినవాళ్ళు తిన్నగా ఇంటికెళ్ళి తలమీద నీళ్ళు పోసుకోవాలే. అక్కణ్ణించి ఇంకో గుమ్మం ఎక్కకూడదు," అన్నారు మా ఆయన, స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండా.

"రత్తమ్మ ఇల్లూ దారిలోదే, సుభద్ర ఇల్లూ దారిలోదే. స్నానానికని భీమవరంలో మనింటిదాకా వెళ్ళి మళ్ళీ రావడానికి పెట్రోలు మీ తాతగారు పోయిస్తారా?" అన్నాను.

"మా తాతగారి జోలికెందుకు? ఆయన పరామర్శకి నడిచే వెళ్ళేవారు."

"అయితే మీరూ దిగి నడవండి."

దెయ్యాలూ, మైలలూ, శకునాలూ నేను నమ్మను. చదివింది ఐదో తరగతి వరకే గానీ, చీకట్లో పెరట్లోకి వెళ్ళడానికి జంకే పిల్లల్ని కసిరి పంపించిన మనిషిని. ఇది చదివేవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. మా చిన్నల్లుడు తన మారుతి కారు మూడు రోజులు వాడుకోమని ఇచ్చాడు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకి మేమిద్దరం సరదాగా బయల్దేరడం అదే మొదలు. కాలవగట్ల వెంట కొబ్బరితోటలు చూసుకుంటూ, నాతో బడికొచ్చిన స్నేహితురాళ్ళని పలకరించుకుంటూ వెళ్ళాలని అనుకున్నాం. వాళ్ళల్లో రత్తమ్మకి భర్త పోయి పదిహేను రోజులయింది. విడిగా ఇంకోసారి రావడం దండగని, పరామర్శ కూడా ఈ ప్రయాణంలోనే కలిపేశాను.

నాకు అసలు పని ఇంకో స్నేహితురాలు సుభద్రతో. పదకొండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి పెళ్ళిలో, పదిమందీ వింటుండగా, "ఈ ఆర్భాటం చూస్తుంటే పిల్ల కాపురం నిలబడేలా లేదు," అని నోరు జారాను. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది. సుభద్ర మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఇప్పుడు దానికి గుండె ఆపరేషనని, మర్నాడు తెల్లవారుజామునే హైదరాబాదు తీసుకెళ్తున్నారని తెలిసింది. ఆ సాయంత్రంలోగా వెళ్ళి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. లేకపోతే ఇంక ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో.

రత్తమ్మ ఇంట్లో గంటసేపు కూర్చున్నాం. పరామర్శ ఇంట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు కాబట్టి మాట్లాడకుండా లేచి వచ్చేశాం. అప్పుడు నాలుగున్నర. సుభద్రది ఆత్రేయపురం అవతల పల్లె. గట్టు దిగకుండా వెళ్తే అరగంట. కుడివైపు కాలవ, ఎడమవైపు వరిచేలు. మలుపు తిరిగే పనే లేదు.

కాసేపటికి ఎడమవైపు ఒక తాటాకు పందిరి కనిపించింది. "ఈ ఊళ్ళోనూ ఎవరో పోయారు పాపం," అన్నాను. మా ఆయన కారు నెమ్మది చేశారు. పందిరి గుంజకి ఒక పెడలు లేని సైకిలు ఆనించి ఉంది. అది రత్తమ్మ భర్తది. పావుగంట కిందట దాని పక్కనుంచే మేము కారెక్కాం.

ఏ వంతెనా దాటలేదు. కాలవ కుడిచేతి వైపు నుంచి కదల్లేదు. మీటరులో మాత్రం తొమ్మిది కిలోమీటర్లు తిరిగి ఉంది. మాటల్లో పడి చూసుకోలేదేమో అనుకుని మళ్ళీ బయల్దేరాం. ఈసారి నేను కాలవ మీంచి కళ్ళు తిప్పలేదు. గడ్డి మోపుతో ఎదురొచ్చిన ఒకాయన్ని అడిగితే, తిన్నగా వెళ్ళండి, గట్టు దిగొద్దు అన్నాడు. దిగలేదు. మళ్ళీ పందిరి, మళ్ళీ సైకిలు.

కారు వెనక్కి తిప్పించాను. సుభద్ర ఇల్లు పోయినా ఫరవాలేదు, రావులపాలెం చేరి హైవే ఎక్కితే చాలనిపించింది. ఇప్పుడు కాలవ ఎడమచేతి వైపుకి వచ్చింది. అద్దాలు దించినా గాలి ఆడలేదు. కారు నడుస్తోంది, చెట్లు వెనక్కి పోతున్నాయి, మేము మాత్రం ఒక గదిలో కూర్చున్నట్టే ఉంది. మా ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

పందిరిని వెనక వదిలేసి వచ్చిన ఆ దారిలోనూ, ముందు మళ్ళీ ఆ పందిరే ఎదురయింది.

మా ఆయన ఇంజను ఆపేసి, "ఇంక నా వల్ల కాదే," అన్నారు. మసక చీకటి పడుతోంది. రత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే రాజ్యం, ఇందాకట్నించి అటూ ఇటూ తిరుగుతున్నారేంటే? పొద్దున్నే వెళ్దురుగాని, లోపలికి రండి అన్నయ్యగారూ."

దాని ఇంట్లో ఫోను లేదు. ఊళ్ళో ఎవరింట్లోనో ఉందంటే వెళ్ళి సుభద్ర ఇంటికి చేయించాను. లైను కలవలేదు. ఆ రాత్రి చాపమీద పడుకున్నానే గానీ కన్ను మూయలేదు. పదకొండేళ్ళు తీరిక లేనట్టు ఊరుకుని, ఆఖరి సాయంత్రం పెట్టుకున్నాను. ఇది ఇంకెవరి తప్పూ కాదు.

దీనికి కారణం నేటికీ నాకు తెలియదు. కాలవగట్లన్నీ ఒకలాగే ఉంటాయని మా అల్లుడంటాడు. ఉంటాయి. కానీ రత్తమ్మ మొగుడి సైకిలు ఒక్కటే. సుభద్ర ఆపరేషను బాగా జరిగి, ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ఎన్నోసార్లు కలుసుకున్నాం. ఆ సాయంత్రం గురించి దాన్ని అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఎందుకో మర్నాడు జరిగింది చెబితే తెలుస్తుంది.

తెల్లవారకముందే రత్తమ్మ నూతి దగ్గర ఇద్దరం తలమీద నీళ్ళు పోసుకుని బయల్దేరాం. అదే గట్టు, అదే కాలవ. ఇరవై ఐదు నిమిషాల్లో సుభద్ర ఇంటి ముందున్నాం. వాకిట్లో కోడలు ముగ్గు పెడుతోంది. అప్పటికే వాళ్ళు వెళ్ళిపోయి గంటయిందట.

నేను ఎవరో చెప్పబోయాను. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది.

"మళ్ళీ వచ్చారేంటండీ? నిన్న సాయంత్రం మీరు వచ్చి వెళ్ళాక అత్తయ్యగారు ఎంత తేలికపడ్డారో. ఆ పెళ్ళి మాట వెనక్కి తీసుకున్నారటగా. 'రాజ్యం నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది' అని రాత్రి అందరికీ చెప్పారు."

ఏ వేళప్పుడు వచ్చాను అని అడిగాను. దీపాలు పెట్టే వేళకండీ అంది. మా ఆయన కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆ వచ్చింది నేను కాదని ఆ పిల్లతో చెప్పలేదు. కాఫీ ఇచ్చింది. అరుగు మీద కూర్చుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కారెక్కాను.