గోరంత నీలం

చిత్రశాలలో ఆయన్ని అందరూ ఉమ్మి మాస్టారు అంటారు. పాత బొమ్మల మీద పేరుకున్న మురికి తీయడం ఆయన పని. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిపి, పసిపిల్ల చెంప తుడిచినట్టు మెల్లగా తిప్పుతాడు. మురికికి ఉమ్మిని మించిన మందు లేదంటాడు. "అందరి మొగుళ్లూ చెమటోడ్చి సంపాదిస్తే, మా ఆయన ఉమ్మేసి సంపాదిస్తాడు" అని భార్య చుట్టాల్ని నవ్విస్తుంది. ఆయనా నవ్వుతాడు.

గోడ చెమ్మెక్కి 'సాయంకాలం' బొమ్మ ఆయన బల్ల మీదికి వచ్చింది. తీగ మీద దుప్పటి ఆరేస్తున్న ఆడమనిషి, వెనక తేనెరంగు ఆకాశం. గీసినాయన దానికి పేరు పెట్టకుండానే పోయాడు. ఆ పేరు మాస్టారికి పని నేర్పిన గురువుగారు పెట్టింది. ఆమె నీడ మాత్రం పొట్టిగా, పాదాల కిందే ముడుచుకుని ఉంటుంది. సాయంత్రం పూట నీడ అంత పొట్టిగా ఉంటుందా అని చూడవచ్చినవాళ్లు అడిగితే, "దుఃఖానికి నీడ సాగదండీ, అదే ఆయన గొప్పతనం" అనేవాడు మాస్టారు. అది గురువుగారి మాటే. చెప్పిన ప్రతిసారీ గొంతు కాస్త వణికేది.

పని మొదలుపెట్టే ముందు ఒక మూల గోరంత మేర పైపూత, అంటే ఏళ్లు గడిచేకొద్దీ ముదురెక్కే వార్నిష్, తీసి చూస్తారు. కిటికీ తెరవడం అంటారు దాన్ని. మాస్టారితో పాటు, రంగుల పరీక్షలు చేసే ఆవిడా, చిత్రశాల నడిపే మేడమూ చూసి సరేనంటేనే మిగతాది ముట్టుకోవాలి.

మాస్టారు స్పిరిట్‌లో ముంచిన దూదితో పైమూల కిటికీ తెరిచాడు. దూది గోధుమరంగుకు తిరిగింది. కింద నీలం బయటపడింది. మిట్టమధ్యాహ్నపు నీలం.

"పట్టపగలు కదమ్మా!" అన్నాడు ఆ ఆడమనిషితో, పైకే. ఆమె మీద మిగిలిన సాయంత్రమంతా ఒలిచేయాలని చేతులు దురద పెట్టాయి.

పరీక్షలావిడ ఆ దూదిని పట్టుకెళ్లి మర్నాడు తిరిగొచ్చింది.

"ఇది ఆయన వేసిన పూతే మాస్టారూ. ఆయన మిగతా బొమ్మల మీదా ఇదే ఉంది."

"వాటి మీద వేసింది మాత్రం ఆయనేనని ఎలా తెలుసమ్మా?"

"ఆయన సాయంత్రాలే గీసేవాడుగా. నేను కొత్తగా చేరినప్పుడు మీరే చెప్పారు."

మాస్టారు మేడమ్‌ను పిలిచి బొమ్మ చూపించాడు.

మేడమ్ వంగి ఆ నీలంలోకి చాలాసేపు చూసింది. "బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. కానీ పగలు గీశాక మనసు మారి, ఆయనే పైన సాయంత్రం పరుచుకుని ఉంటే? ఒకసారి తీసేశాక తిరిగి తేగలమా మాస్టారూ?"

"ఆ నీడ చూడండి మేడమ్."

"చూస్తూనే ఉన్నా. దుఃఖానికి నీడ సాగదు."

ఆవిడ ఎగతాళిగా అనలేదు. అలా అని ఉంటే మాస్టారికి తేలిగ్గా ఉండేది.

"ఇంకొక్కరెవరైనా ఇది పగలే అంటే ఆలోచిద్దాం" అంది మేడమ్ జాలిపడి.

ఎవరి మాటా సోకని కళ్లు కావాలనుకున్నాడు మాస్టారు. భార్యను వెంటబెట్టుకొచ్చి, ఏమీ చెప్పకుండా బొమ్మ ముందు నిలబెట్టాడు.

"అబ్బ, ఎంత చక్కటి సాయంత్రమండీ!" అందామె. అంతలో మూలకు వంగింది. "అయ్యయ్యో, ఇక్కడేదో నీలం మరక పడింది! మీ చేతి చలవేనా? ఎవరూ చూడకముందే తుడిచెయ్యండి."

"మరక కాదే. అది ఆకాశం."

"ఆకాశమంతా ఇటుంటే, ఆ కాస్తా ఆకాశమేమిటండీ, చోద్యం కాకపోతే! కళ్లద్దాలు మార్పించుకోమంటే వినరు."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని మళ్లీ చూశాడు. పరుచుకున్న అంత తేనెరంగులో అది నిజంగానే మరకలా కనిపించింది.

ఆ మధ్యాహ్నం గోధుమరంగు కలిపి కిటికీ మూసేశాడు. అతుకు ఎక్కడుందో ఎవరూ పట్టలేరని ఆయనకు పేరు. పని అయ్యాక ఆ చోటు తానే వెతుక్కున్నాడు. దొరకలేదు.

బొమ్మ మళ్లీ గోడకెక్కింది. జనం వచ్చారు. ఒకావిడ నీడ చూపించి అదే ప్రశ్న అడిగింది. మాస్టారు ఒక క్షణం ఆ పైమూల వైపు చూసి, జవాబు చెప్పాడు. గొంతు వణకాల్సిన చోట వణికింది.