విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి రెండు గంటలేనట!

మా చెల్లెలు పార్వతి పెళ్లయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటోంది. ఇప్పుడు ఏడో నెల. మా వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లకు పుట్టింటివాళ్లు సూడిదలు పట్టుకెళ్లాలి. చలిమిడి, సున్నుండలు అన్న తన చేతులతో ఒడిలో పెట్టాలి, అదీ ఇంట్లో సాయంత్రం దీపం పెట్టకముందే. ఓడలో అయితే మూడు రోజులు. స్టీల్ ప్లాంట్‌లో నాకు అంత సెలవు ఎవరిస్తారు? నెట్‌లో చూస్తే రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటల లోపే అని ఉంది. "మద్దేన్నం బోజనానికి మీ ఇంట్లోనే ఉంతాను, సూడు" అని ఫోన్‌లో గొప్పలు పోయాను.

అది సముద్రం మీద గీత గీసి చెప్పిన లెక్క. తీరా చూస్తే సూడిదలకు ముహూర్తం పెట్టిన రోజున నేరుగా విమానమే లేదు. చెన్నై మీదుగా, పోవడానికే తొమ్మిది వేల చిల్లర. ఉక్కునగరంలో పొద్దున్నే బయల్దేరి, పదకొండు లోపే చెన్నైలో దిగాను. ఒంటిగంట విమానం రెండున్నరకు గానీ కదల్లేదు. అయినా ధీమాగానే ఉన్నాను. అది వేసవి, మన విశాఖలో ఆరు దాటినా వెలుతురుంటుంది కదా. కిటికీలోంచి నీళ్లు, మబ్బులు చూస్తూ హాయిగా కునుకు తీశాను.

సామాను తీసుకుని బయటికొచ్చేసరికి ఐదుంబావు. ఆటో అతనిది శ్రీకాకుళం వైపే, రెండు వందలకు ఒప్పుకున్నాడు. దారిలో ఆకాశం ఎర్రబడుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఏటి బావా, అప్పుడే పొద్దు గుంకిపోతంది?"

"గడియారం మీదీ మాదీ ఒకటే గానీ బావా, పొద్దు మాకు బేగొచ్చి బేగెలిపోద్ది. ముప్పావుగంట తేడా."

సందు మొదట్లో దిగేసరికి చీకటి పడిపోయింది. చుట్టుపక్కల ఇళ్లన్నింట్లో లైట్లు వెలుగుతున్నాయి. పని చెడింది, ఇంత దూరం వచ్చి చెల్లికి ముఖం ఎలా చూపించను అనుకుంటూ నడిచాను.

ఒక్క వాళ్లిల్లే చీకటిగా ఉంది. గుమ్మంలో పార్వతి అత్తగారు, వత్తి వేసిన ప్రమిద ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల పేరంటాళ్లు చీకట్లోనే విసనకర్రలు ఊపుకుంటున్నారు.

"రా బాబూ. నాను ఎలిగిస్తేనే కదా మా ఇంట్లో దీపం ఎట్టినట్టు. ముందు నీ సెల్లి ఒడి నింపు."

చీకట్లో తడుముకుంటూనే చలిమిడి పెట్టాను. పార్వతి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకైతే కళ్లు తడిశాయి. అప్పుడు ఆవిడ అగ్గిపుల్ల గీసింది.

తిరిగొచ్చాక లెక్క వేస్తే, ఇంటి నుంచి ఇంటికి దాదాపు పగలంతా పట్టింది. అయినా సంతోషంగా ఉంది, మా పిల్ల మంచి చోటే పడింది. మీకు ఒకటే సలహా. దూరం, గంటలు చూసుకున్నాక అక్కడ పొద్దు ఎప్పుడు గుంకుతుందో కూడా చూసుకోండి. దీపం పెట్టకుండా ఆగే అత్తగారు ప్రతి ఇంట్లో ఉండదు.