జడమ్మ జుట్టు కత్తిరించుకున్న సంగతి

మా వదిన అబద్ధం చెప్పేటప్పుడు తడబడదు. గొంతు మారదు, చేతిలో పని ఆగదు. ఇన్నాళ్ళూ ఆవిడకు ఎదురుగా నిలబడి పనిచేసి కూడా ఆ సంగతి నాకు చివరికి గానీ తెలియలేదు. నన్ను మించిన తెలివితక్కువది ఉంటే చెప్పండి, వెళ్ళి చూసొస్తాను.

వదిన అంటే నా మొగుడి అక్క. నాకు వదిన కాబట్టి ఆస్పత్రి లాండ్రీ మొత్తానికి వదినే అయింది. మా సూపర్‌వైజరు కూడా "వదినగారూ" అనే పిలుస్తాడు. మనిషి పొట్టి, మాట పొడుగు. వార్డుల నుంచి మాసిన బట్టల మూటలు వచ్చే కిటికీ దగ్గర ఆవిడ ఉద్యోగం. కోటు జేబులో పెన్ను వదిలేసిన డాక్టరును, ఎంత పెద్దాయనైనా సరే, ఆ కిటికీ దగ్గరే నిలబెట్టి కడిగేస్తుంది. ఆయన "సారీ అమ్మా" అనుకుంటూ పోతాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచింది. ఆ తమ్ముడే నా మొగుడు.

ఆయనగారు సినిమా హాల్లో టికెట్లిచ్చే ఆవిడతో వేరే ఊరు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఇంట్లో టీవీ కూడా పట్టుకుపోయాడు. మనిషి పోయినందుకు ఏడవాలో టీవీ పోయినందుకు ఏడవాలో తెలియక రెండింటికీ కలిపి ఒకేసారి ఏడ్చేశాను. అప్పుడు వదిన వచ్చి, "వాడు చేసినదానికి నాకు తల కొట్టేసినట్టుందే" అని నాకంటే ఎక్కువ ఏడ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి లాండ్రీలో చేర్చింది. ఆ మేలు నేను మరిచిపోలేదు. మరిచిపోలేకపోవడమే నా ఖర్మ.

దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని గట్టిగా గుంజి, ముందుకు నడిచి కొసలు కలిపి, వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు నడవాలి. ముందుకు వచ్చిన ప్రతిసారీ ఎదుటి మనిషి మొహం మన మొహం దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం మూటలు రావడం ఆగిపోయాక వదిన మడతల గదిలోకి వచ్చి నా ఎదురు కొసలు పట్టుకునేది. అప్పుడు మొదలయ్యేది సీరియల్.

మాది మధ్యాహ్నం షిఫ్టు. సీరియల్ వచ్చే వేళకు మేమంతా దుప్పట్లలో మునిగి ఉంటాం. వదిన ఒక్కతే సాయంత్రం ఇంటికి పోతుంది. అందుకని ముందురోజు కథంతా మర్నాడు ఆవిడే చెప్పాలి. అప్పటికింకా ఫోన్లు మాట్లాడుకోవడానికే తప్ప బొమ్మలు చూడ్డానికి పనికొచ్చేవి కావు. ముందుకు నడుస్తూ గుసగుసలు, వెనక్కి నడుస్తూ అరుపులు చెప్పేది. విలన్ వచ్చాడంటే దుప్పటిని ఒక్క గుంజు గుంజేది, నేను తూలి పడబోయేదాన్ని. పక్కనే పెట్టె తోస్తూ ఇస్త్రీ అక్క, ఊడిన గుండీలు కుట్టే అమ్మాయి (మేము గుండీ అనే పిలుస్తాం), ఇద్దరూ చెవులు అప్పగించి వినేవాళ్ళు.

సీరియల్లో హీరోయిన్‌కి మేం పెట్టుకున్న పేరు జడమ్మ. ఆమె మొహం మేం చూసింది మొదట్లో బజారులో అంటించిన పోస్టర్ల మీదే. మోకాళ్ళ దాకా జడ, వెలిసిపోయిన నూలు బట్టలు, మెడలో ఒక్క పూస కూడా ఉండదు. మాలాగే పొద్దున లేచి పనికి పోతుంది. ఆమె మొగుడూ ఆమెను వదిలేసి పోయాడు. వాణ్ణి మీసాలోడు అనేవాళ్ళం. వాడు తిరిగొస్తానని కబురు పెట్టిన రోజున ఇస్త్రీ అక్క నన్ను ఆట పట్టించింది. "ఏమే, నీ మొగుడూ రేపో మాపో కబురు పెడతాడు. ఏం చేస్తావు?"

"మన జడమ్మ ఏం చేస్తే నేనూ అదే చేస్తా," అన్నాను. నవ్వులాటకే అన్నాను. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది.

ఆ తర్వాత వదిన ఆ కథను సాగదీసి సాగదీసి చెప్పింది. మీసాలోడు ఊరి పొలిమేరలో ఉన్నాడు, వీధి మొదట్లో ఉన్నాడు, గుమ్మం దగ్గర ఉన్నాడు. చివరికి ఒక శుక్రవారం జడమ్మ తలుపు తీసింది. "ఒక్క మాట అనలేదే," అంది వదిన నా మొహంలో మొహం పెట్టి. "తిట్టలేదు, ఏడవలేదు. జడ ముందుకు వేసుకుని నిలబడింది. పక్కకు జరిగింది. లోపలికి వెళ్ళి రెండో కంచం పెట్టింది. అంతే." గుండీ ముక్కు చీదుకుంది. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

ఆదివారం పొద్దున నా తలుపు చప్పుడైంది. తీస్తే నా మొగుడు, చేతిలో ఒక సంచీ. టీవీ లేదు. నేను ఒక్క మాట అనలేదు. పక్కకు జరిగాను. లోపలికి వెళ్ళి రెండో కంచం పెట్టాను. ఆ క్షణంలో నన్ను చూసి నాకే గర్వంగా అనిపించింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతుంది.

వచ్చినవాడు మారాడా అంటే, పెద్దగా ఏమీ లేదు. తిట్టడు, కొట్టడు. తింటాడు, పడుకుంటాడు, పని దొరకడం లేదంటాడు. నేను షిఫ్టు దిగి రాత్రి ఇంటికొచ్చాక రెండు కంచాలూ నేనే కడగాలి. అయినా జడమ్మ కూడా సర్దుకుపోతోందిగా, వదిన రోజూ చెబుతూనే ఉందిగా అనుకున్నాను. నాకు విసుగు పుట్టినప్పుడల్లా జడమ్మకు ఓపిక ఎక్కువయ్యేది. అది కూడా నాకు అనుమానం రాలేదు చూడండి!

ఇలా కొన్ని నెలలు గడిచాయి. ఆస్పత్రి వాళ్ళు రోగుల బంధువులు కూర్చునే హాల్లోకి కొత్త టీవీ కొన్నారు. పాతది పారేయబోతుంటే మా ఎలక్ట్రీషియన్ బాబాయి భుజాన వేసుకొచ్చి మడతల గది గోడకు బిగించాడు. వదిన అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. సీరియల్ వేళకు మిషన్లు ఆపేసి అందరం టీవీ ముందు చేరాం.

జడమ్మ వచ్చింది. జుట్టు మెడ దాకానే ఉంది. దానికి రాగి రంగు. తెల్ల ప్యాంటు, నల్ల కోటు, ఎర్ర పెదాలు, మడమల కింద మేకుల్లాంటి చెప్పులు. ఆమే కారు తోలుకుంటూ వచ్చి దిగింది.

ముందుగా తేరుకున్నది ఇస్త్రీ అక్క.

"ఇదెవత్తే? మన పిల్ల కాదిది."

"మొహం ఆమెదే అక్కా," అంది గుండీ. "బాగుంది కదా?"

"ఏం బాగు? బంగారం లాంటి జడ! కోతి పీకినట్టుంది. పైగా తెల్ల ప్యాంటేసుకుని కారు బానెట్ మీద కూర్చుంటుందా? ఉతికేవాళ్ళ ఉసురు తగలదూ?"

"కోటు బాగా కుట్టారక్కా. గుండీలు గట్టివి."

"పెట్టుకుంటేగా! అన్నీ విప్పేసుకుని తిరుగుతోంది. మనలాంటి మనిషని ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకుంటే, చూడు, ఒక్కసారిగా గొప్పింటి దాన్లా తయారైంది. నమ్మినవాళ్ళను ముంచేసింది!"

నేనూ ఇస్త్రీ అక్క పక్షమే. మొగుడితో సర్దుకుపోతున్న మనిషి నాకు చెప్పకుండా ఎక్కడికో వెళ్ళిపోయినట్టు అనిపించింది. విగ్గేమో అని ఒకరు, జబ్బు చేసి జుట్టు ఊడిందేమో అని ఒకరు, కల అయి ఉంటుందని ఇంకొకరు. మడత పెట్టాల్సిన దుప్పట్లు కొండలా పేరుకుపోయాయి. సూపర్‌వైజరు వచ్చి అరవబోయి, తనూ టీవీ చూసి, "అయ్యో, జడేదీ?" అన్నాడు.

మర్నాడు వదిన రాగానే అందరం చుట్టుముట్టాం. గోడ మీది టీవీని ఒక్కసారి చూసింది. కన్ను కూడా ఆర్పలేదు.

"అదా? అది జడమ్మ కాదు, కవల చెల్లెలు. విదేశాల నుంచి దిగింది. ఇవాళ చెబుదామనుకుంటున్నా, ఇంతలో మీరే చూసేశారు," అంది.

మేం నమ్మాం. ఇస్త్రీ అక్క గుండెల మీద చెయ్యి వేసుకుని, "బతికించావు వదినా," అంది.

ఆ సాయంత్రం మళ్ళీ టీవీ పెట్టాం. ఆ రాగి జుట్టు పిల్ల ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. మీసాలోడు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి, "నీ జడ ఏమైంది?" అని అడిగాడు. ఆమె తాపీగా చెప్పింది. "నువ్వు తిరిగొచ్చి తలుపు తట్టిన రోజు గుర్తుందా? నేను తీయలేదు. నువ్వు బయట ఏడుస్తుంటే లోపల కత్తెర తీసుకుని జడ కోసేశాను. ఆ జడంటే నీకు ఇష్టం కాబట్టే."

గుండీ చేతిలోంచి సూది జారిపోయింది. ఇస్త్రీ అక్క నోరు తెరిచి, "అయితే మీసాలోడికి జ్వరమొస్తే ఆమె సేవలు చేసిందని వదిన చెప్పింది... అదీ అబద్ధమేనా? దానికి నేను ఏడ్చానే!" అంది. అందరూ ఒకేసారి మొదలెట్టారు. మమ్మల్ని పిచ్చివాళ్ళను చేసిందని ఒకరు, నెలల తరబడి మొహం చూస్తూ ఎలా చెప్పగలిగిందని ఇంకొకరు. వాళ్ళకు పోయింది కథ. నేను మాత్రం గోడకు ఆనుకుని కూలబడ్డాను. శుక్రవారం కథలో తలుపు తెరుచుకుంది, ఆదివారం నా తలుపు చప్పుడైంది. ఇంత చిన్న లెక్క నా బుర్రకు ఎందుకు తట్టలేదు?

మర్నాడు మధ్యాహ్నం వదిన ఎప్పటిలాగే వచ్చి దుప్పటి కొసలు పట్టుకుంది. నేను నా కొసలు వదల్లేదు, ముందుకు నడవలేదు.

"జడమ్మ తలుపు తీయలేదట," అన్నాను.

ఇంకో కవల చెల్లెలిని దించుతుందేమో అని చూశాను. ఈసారి వదిన దించలేదు.

"వాడు నా తమ్ముడే," అంది. "చంకనేసుకుని పెంచాను. రోడ్డు మీద పడనివ్వమంటావా?"

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్నో లేదో నాకే తెలియకుండా చేశావు కదా వదినా! అది నా మాట. నువ్వెలా చెప్పేస్తావు? అదీ ఒక సీరియల్ దాని నోట్లో పెట్టి?"

"నీ మంచికే చేశాను. ఒంటరిదానివి..."

"నా మంచి నాకు చెప్పి చేస్తే తప్పేంటి?"

ఆవిడ ఏడవడం మొదలెట్టింది. ఏడిస్తే వదినకు ముక్కు ఎర్రబడి చిన్నపిల్లలా ఉంటుంది. మామూలుగా అయితే నేను కరిగిపోయేదాన్ని. ఆ రోజు కరగలేదు. టికెట్లావిడ మీద కూడా నాకు ఇంత కోపం రాలేదు, ఆవిడ ఎవరో నాకు తెలియదు. కష్టంలో నన్ను పట్టుకున్న చెయ్యే నన్ను తోసింది. కొసలు వదిలేసి, సూపర్‌వైజరుకు ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాను.

ఇంటికి వెళ్ళేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. నా మొగుడు మంచం మీద వెల్లకిలా పడుకుని రేడియో వింటున్నాడు. రేడియో కట్టేశాను.

"ఆ ఆదివారం వచ్చే ముందు ఎక్కడున్నావు?" అని అడిగాను.

ఈయనకు అక్కలాగా అబద్ధాలు రావు. అదొక్కటే ఈయనలో మెచ్చుకోదగ్గ గుణం. "అక్క ఇంట్లోనే ఉన్నాను. ఒక నెల పైనే," అన్నాడు. "ఉన్నది ఒక్క గదేగా. బావ రోజూ గొడవ. ఇక నా వల్ల కాదురా అంది అక్క. ముందే వచ్చేద్దామంటే, ఆగు, ఇంకా కథ అక్కడికి రాలేదు అంది. ఆ శనివారం మాత్రం, చెప్పేశాను, ఇక వెళ్ళు, తీస్తుంది అంది."

తీస్తుంది అంది. వాడికి తెలుసు, వదినకు తెలుసు. తెలియంది తలుపు తీసినదానికే.

"లే," అన్నాను. "బయటికి వెళ్ళి తలుపు తట్టు."

"ఎందుకే?"

"ముందు వెళ్ళు."

ఆట అనుకున్నాడు. నవ్వుకుంటూ చెప్పులు వేసుకుని గుమ్మం దాటాడు. నేను తలుపు వేసి గడియ పెట్టాను. తట్టాడు. మొదట సరదాగా, తర్వాత కొంచెం గట్టిగా. "తియ్యవే, జనం చూస్తున్నారు," అన్నాడు.

నేను గడియ మీద చెయ్యి వేసి నన్ను నేనే అడిగాను. తీయాలని ఉందా? నాకు అంత సూటిగా జవాబు వస్తుందని అనుకోలేదు. కోపం కూడా కాదు. తీయాలని లేదు, అంతే. ఆ ఆదివారం ఎవరైనా అడిగి ఉంటే అప్పుడూ ఇదే చెప్పేదాన్ని.

అతని సంచీ, నాలుగు చొక్కాలు, రేడియో సర్ది కిటికీలోంచి అరుగు మీద పెట్టాను. అప్పటికి నవ్వు పోయి మొహం పాలిపోయింది.

"ఇప్పుడు నేనెక్కడికి పోవాలి?" అన్నాడు.

"మీ అక్క ఇంటికి పో," అన్నాను. "కథ మారిందని చెప్పు."