సోని గీసిన గీత

బాన్సువాడలో మొబైల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. నా పక్క కుర్చీ సోనిది. పొద్దున్నే బీర్కూర్ అవతలి తండా నుంచి వచ్చి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, ఎలుక మెదడు తెరుస్తుంది. భయపడకండి, కంప్యూటర్లోనే! మెదడు కణితికి కొత్త మందును ఎలుకల మీద పరీక్షిస్తున్న హైదరాబాద్ ల్యాబు వాళ్లు పలుచగా కోసిన మెదడు ముక్కల ఫొటోలు పంపుతారు. వాటిలో నల్లమచ్చలా కనిపించే కణితి చుట్టూ గీత గీయడం మా పని. ఆ గీతలు చూసి మెషిన్ నేర్చుకుంటుంది, తర్వాత కణితి ఎంత పాకిందో అదే కొలుస్తుంది. మా ఇంట్లోవాళ్లు మాత్రం నేను ఎలుకలు పడుతున్నాననే అనుకుంటున్నారు.

సోని గీత ఎప్పుడూ నల్లమచ్చకు కాస్త అవతలే ఉంటుంది. ఎందుకే అంటే, "తుంగ పీకేటప్పుడు చుట్టున్న మట్టి గూడ తవ్వాలె అక్కా. లేకుంటే వారానికి మల్ల మొలుస్తది. మా అమ్మ నెత్తి మీద మొట్టి నేర్పింది" అంటుంది. మక్కచేనులో నేర్చిన చదువును ఎలుక తలకెక్కించిన ఘనురాలు! నవ్వి ఊరుకున్నాను. మాన్పించకపోవడం నా తప్పే.

పోయిన నెల ల్యాబు నుంచి సిరీష మేడం వీడియో కాల్ చేసింది.

"సోనీ, నీ గీతలతో నేర్చిన మెషిన్ ప్రతి కణితినీ పెద్దదిగా చూపిస్తోంది. మందిచ్చిన ఎలుకకీ, ఇవ్వనిదానికీ తేడా తెలియట్లేదు. ఇలాగైతే మందు పనిచేయట్లేదని పక్కన పడేస్తారు. నీ పని కూడా ఆపేయాల్సి వస్తుంది."

సోని మొహం మాడిపోయింది. అయినా నోరు ఊరుకుంటేనా! "అంచు బయట సన్న చుక్కలు కనవడ్తున్నయ్ మేడం. ఓసారి వేరే రంగేసి చూడున్రి."

నాలుగు రోజులు పిల్లకు అన్నం సహించలేదు. నాకూ అంతే. ఐదో రోజు మేడం మళ్లీ కాల్ చేసింది. కణితి కణాలు మాత్రమే మెరిసే రంగు వేసి నలభై ముక్కలు చూశారట. ఇరవైతొమ్మిదింటిలో సోని గీత దాకా కణాలు పాకి ఉన్నాయి.

"నువ్వు చూసింది నిజమే. ఇకమీదట రెండు గీతలు గియ్యి, ఒకటి మచ్చకు, ఒకటి చుక్కలకు. నీ పనికేం ఢోకా లేదు."

"మరి తక్కిన పదకొండు?"

"వాటిలో మచ్చ బయట ఒక్క కణం లేదు. అలవాటుకొద్దీ గీసేశావు."

సోని తల దించుకుంది.

"మందిచ్చిన ఎలుకలవి సరిగ్గా ఆ పదకొండే, సోనీ."

సోని నా చేయి పట్టుకుని గట్టిగా ఊపేసింది. "అంటే గా మందు కణితిని ఆపుతున్నదక్కా! నేనే తప్పు గీసిన!" అని ఆఫీసంతా వినేలా అరిచింది. తప్పు చేసినందుకు అంత సంబరపడిన మనిషిని నేనింతవరకు చూడలేదు.