బస్తా నడుమన చెయ్యి పెట్టిన మేడం గారు

మన డిగ్రీ కాలేజీలో రచన పేపరు చెప్పిన తెలుగు మేడం గారు పోయారన్న కబురు నాకు మిర్చి యార్డులో, కాటా దగ్గర తెలిసింది. తూకం ఆపించి, కండువా తీసి నిలబడ్డాను. ఆవిడ పేరున ఈ సంచిక వేస్తూ, ఐదో తరగతితో ఆగిన నన్నూ రాయమన్న ప్రిన్సిపాల్ గారిది పెద్ద మనసు.

ఆవిడకు జరిగిన అన్యాయం ఈ సంచికలోనే అచ్చు కావాలని కూర్చున్నాను. ఎలాగన్నది తరవాత. ఐదుతో ఆగానన్నానుగానీ, మిగతా చదువు పకోడీ పొట్లాల మీద సాగింది. మంచి కథలన్నీ నూనె మరక దగ్గరే ఆగిపోయేవి. సరే, అది వేరే సంగతి.

బీకాం అయినా బీఎస్సీ అయినా ఆ పేపరు రాసి తీరాలి. ఓసారి మేడం గారు పిల్లలందర్నీ యార్డుకి వెంటబెట్టుకొచ్చారు, చూసింది రాయమని. తుమ్ములతో షెడ్డు దద్దరిల్లింది.

"బస్తా మంచిదో కాదో ఎలా చెప్తారండీ?" అని నన్నడిగారు.

"మూతి దగ్గర ఎవడైనా మంచి కాయే పెడతాడమ్మా. తెల్లబడ్డ తాలుకాయలు నడుమన దాస్తాడు. చెయ్యి అక్కడ పెట్టాలి."

అప్పట్నుంచి వ్యాసాలు నడిమి పేజీ నుంచే దిద్దేవారు. పత్తి సాగు గురించి ఘనంగా మొదలెట్టిన ఒకడు నడుమన సినిమా కథ నింపాడట. "ఏరా, మీ హీరో పత్తి ఎప్పుడు తీస్తాడు?" అని మళ్లీ రాయించారు. మూడోసారికి వాడు, పత్తికాయ గీసుకుని వాళ్లమ్మ వేళ్లు ఎలా చీరుకుపోతాయో రాశాడు.

ప్రిన్సిపాల్ గారు ఇంతదూరం చదవరు. మొదటి పేరా, చివరి పేరా చూసి సంతకం పెట్టడం ఆయన అలవాటు. అందుకే ఇక్కడ చెబుతున్నా. "సైన్సు పిల్లలకి వ్యాసాలెందుకమ్మా, చదవకుండా మార్కులేసెయ్యండి" అన్నది ఆయనే. "చదవని కాగితానికి మార్కు వెయ్యను సార్" అన్నందుకు ఆవిణ్ణి క్లాసులోంచి తీసి, రిటైరయ్యేదాకా లైబ్రరీ మూల దుమ్ము దులిపించింది ఆయనే. ఆ పేపరు తన ఆలోచనేనని మొన్న సంతాపసభలో చెప్పుకున్నదీ ఆయనే.

ఆవిడ క్షమించే ఉంటారు. క్షమించడం చదువుకున్నవాళ్ల పని, నాకా సిలబస్ లేదు. "కోపం కాగితం మీద పెట్టండి, నోట్లో ఉంచుకుంటే పుండవుతుంది" అనేవారు. పెట్టాను. ఆయన సంతకంతోనే అచ్చవుతుంది.

ప్రిన్సిపాల్ గారికి మరోసారి నమస్కారం. మేడం గారిని తలుచుకుంటే, ఆ రోజు యార్డులో ఖాళీ గోతాల మీద కూర్చుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏదో పిల్ల రాసిన కాగితం చదువుతూ తనలో తాను నవ్వుకుంటున్న మనిషి కనిపిస్తారు. చదవడం అయ్యాక కళ్లు తుడుచుకున్నారు. మిరప ఘాటుకో, ఆ పిల్ల రాసినదానికో, నేనడగలేదు.